కంటిలో చుక్కల ముగ్గు



నేత్రదానం మాట మనకు కొత్తది కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు, ఆ దుఃఖంలోనే ఎవరో ఒకరు గుర్తు చేసుకుని ఐ బ్యాంకుకి ఫోను చెయ్యడం ఇప్పుడు చాలా ఇళ్ళలో చూస్తున్నాం. కాని మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. కన్ను కన్నంతా తీసి ఇంకొకరికి పెట్టేస్తారనీ, అంచేత చూపు లేని వాళ్ళెవరికైనా చూపు వస్తుందనీ అనుకుంటారు. అలా కాదండీ. పెట్టేది కంటి ముందుభాగంలో గడియారపు అద్దంలా ఉండే కార్నియాని మాత్రమే. అది మసకబారిన వాళ్ళకే ఆ దానం చూపునిస్తుంది. కంటి వెనక గోడకి అంటుకుని రెటీనా అనే పలచని పొర ఉంటుంది. అది పాడైన వాళ్ళకు దానంగా వచ్చిన కన్ను అతకదు. ఎందుకంటే ఆ పొర నుంచి మెదడుకు పోయే నరంలో పది లక్షల పైచిలుకు పోగులుంటాయి. తెగిన ఆ పోగుల్ని మళ్ళీ కలపడం ఇంతవరకు ఎవరి చేతా కాలేదు.

మరి రెటీనా పోయిన వాళ్ళకి దారేమిటి? ఆ పొర మీద ఒక చిన్న విద్యుత్ పరికరాన్ని అమర్చి చూపు తెప్పించవచ్చా అని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళుగా పరీక్షలు చేస్తున్నారు. ఈవేళ మీతో ఆ పరీక్షల చరిత్ర చెప్పాలని ఉంది. పదో తరగతితో చదువాగిన నాలాంటిదానికి ఇంత సైన్సు ఎందుకంటారా? ఇందులో సైన్సు కంటే మనుషుల కథే ఎక్కువ. తమకు చూపు వస్తుందన్న హామీ లేకపోయినా, కంటిని పరీక్షకు ఇచ్చినవాళ్ళ కథ ఇది.

ముందు జబ్బు సంగతి. రెటీనాలో దండకణాలు, శంకుకణాలు అని రెండు రకాల కణాలుంటాయి. వెలుతురును పట్టి విద్యుత్తుగా మార్చేవి ఇవే. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్యపు జబ్బులో ఇవి మెల్లమెల్లగా చచ్చిపోతాయి. మొదట రేచీకటి వస్తుంది. తర్వాత పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యచూపే మిగులుతుంది. చివరికి కొందరికి అదీ పోతుంది. ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. మన వైపు మేనరికాలు ఎక్కువ కదా. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వచ్చి కలిసినప్పుడు బయటపడే రకాలు దీనిలో ఉన్నాయి. అందుకని అక్క కూతుర్నో మేనమామనో చేసుకున్న ఇళ్ళలో దీనికి అవకాశం హెచ్చు. అన్నట్టు, పిల్లలకు విటమిన్ ఏ చాలక వచ్చే రేచీకటి వేరు. దానికి మందు ఉంది. పిల్లవాడు చీకటి పడితే తడుముకుంటున్నాడంటే ‘వాళ్ళ తాతకీ ఇంతే’ అని ఊరుకోకుండా కళ్ళ డాక్టరుకు చూపించండి.

ఇంతకీ కంటికి కరెంటు పెట్టాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1755లో ఫ్రాన్సులో షార్ల్ ల రువా అనే వైద్యుడు ఒక గుడ్డి యువకుడి తలకు తీగ చుట్టి, ఇంకో తీగ కాలికి కట్టి, లేడన్ జాడీలో నిలవచేసిన విద్యుత్తును వదిలాడు. కళ్ళ ముందు మంటలాంటిది పైనుంచి కిందికి దిగినట్టు కనబడిందని ఆ యువకుడు చెప్పాడట. చూపు మాత్రం రాలేదు. ఈ రోజుల్లో అయితే ఆ వైద్యుణ్ణి జైల్లో పెట్టేవారు! కాని ఒక సంగతి తేలింది. లోపలికి వెలుగు వెళ్ళకపోయినా వెలుగు కనిపించవచ్చు. 1929లో ఓట్‌ఫ్రిడ్ ఫ్యోర్‌స్టర్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు మెదడు వెనక భాగాన్ని విద్యుత్తుతో తాకి చూశాడు. రోగికి చుక్కలాంటి వెలుగు కనబడింది.

ఆ తర్వాత పెద్ద అడుగు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పడింది. గైల్స్ బ్రిండ్లీ, వాల్పోల్ లెవిన్ అనే ఇద్దరు, చూపు పోయిన 52 ఏళ్ళ స్త్రీ మెదడు మీద 80 ఎలక్ట్రోడ్లు అమర్చి, 1968లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆవిడ నర్సుగా పనిచేసిన మనిషి. ఒక్కొక్క ఎలక్ట్రోడును మీటుతూ, ఏం కనిపిస్తోందని అడిగితే, చెయ్యి చాచినంత దూరంలో సగ్గుబియ్యం గింజంత తెల్లటి చుక్క అని ఆవిడ చెప్పిందట. కొన్నిటికి బియ్యపు గింజంత, కొన్నిటికి చిన్న మబ్బు తునక. వంటింటి మాటల్లో చెప్పిన ఆ వర్ణనే శాస్త్ర పత్రికకు ఎక్కింది. ఇలా చుక్కలు తెప్పించగలిగితే, చుక్కల్ని కలిపి బొమ్మ చెయ్యలేమా అన్న ఆశ అక్కణ్ణించి బలపడింది. వాకిట్లో ముగ్గు వేసే మనకి ఇది వేరే చెప్పాలా? చుక్కలు సరిగ్గా పడితే ముగ్గు దానంతటదే వస్తుంది.

కాని మెదడు తెరవడమంటే మాటలా? దానికంటే కంటిలోనే పని జరిగితే నయం కదా అనిపించింది చాలామందికి. చూపునిచ్చే కణాలు చచ్చాక, వాటి వెనక ఉన్న కణాలు మిగిలి ఉంటాయా అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పినవి దానంగా వచ్చిన కళ్ళే. ఈ జబ్బుతో చూపు పోయినవాళ్ళు మరణించాక వాళ్ళ కళ్ళను పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించారు. బాగా ముదిరిన కళ్ళలో కూడా మధ్య వరస కణాలు సుమారు 78 శాతం, మెదడుకు కబురు మోసే కణాలు సుమారు 30 శాతం మిగిలే ఉన్నాయి. అంటే వీధిలో దీపాలు మాడిపోయినా తీగెలు కొన్ని బాగానే ఉన్నాయన్నమాట. ఇంకొకరికి అతకని కళ్ళు కూడా వృథా పోలేదు చూశారా.

అమెరికాలో మార్క్ హుమాయూన్ అనే డాక్టరు ఈ పనికి పూనుకున్నాడు. పాకిస్తానులో పుట్టిన మనిషి. చక్కెర జబ్బుతో వాళ్ళ అమ్మమ్మ చూపు పోవడం చూసి కళ్ళ డాక్టరునయ్యానని ఆయనే చెప్పుకున్నాడు. ఆయనా, యూజీన్ డి హువాన్ అనే సహచరుడూ కలిసి, ముందుకొచ్చిన అంధుల కంటికి మాత్రం మత్తు ఇచ్చి, వాళ్ళు మెలకువగా ఉండగానే సన్నని ఎలక్ట్రోడుతో రెటీనాను తాకి చూశారు. అయిదుగురి మీద జరిపిన ఆ పరీక్షలు 1996లో అచ్చయ్యాయి. ఎక్కడ తాకితే దానికి తగిన చోట చుక్క కనబడింది. పరీక్ష అయిపోయాక ఎలక్ట్రోడు తీసేసి కన్ను కుట్టి పంపేవారు. మళ్ళీ అదే చీకటి. అది తెలిసే వాళ్ళు ఒప్పుకున్నారు.

బోస్టనులో జోసెఫ్ రిజో, జాన్ వాయట్ అనే వారి బృందం కూడా ఇలాంటి పరీక్షలే చేసింది. వాళ్ళ దగ్గరికి వచ్చిన ఆరుగురిలో అయిదుగురు అంధులు. ఆరో మనిషికి చూపు శుభ్రంగా ఉంది. కాకపోతే క్యాన్సరు వల్ల ఆ కన్ను తీసెయ్యవలసి వచ్చింది. ఎలాగూ పోయే కన్నే కదా, పోయేముందు ఒక్కసారి పరీక్షకు పనికి వస్తుందని ఒప్పుకున్నారు. ఎంత గుండె నిబ్బరం ఉండాలి! 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అవి పొంగిపోవలసినవేమీ కావు. చుక్క పెట్టినచోట ఒక్కోసారి రెండు చుక్కలు కనబడ్డాయి, ఒక్కోసారి గీత కనబడింది, వరసగా పెట్టిన చుక్కలు వరసగా కనబడకుండా ముద్దయిపోయాయి. మంచి కన్నులో కూడా ఈ తికమకలు తప్పలేదు. ముగ్గు అనుకున్నంత తేలిక కాదని అప్పుడే తెలిసింది. ఫలితం బాగా రాలేదని దాచకుండా అచ్చు వేసిన ఆ బృందం మీద నాకు గౌరవం ఎక్కువ.

ఇంతలో షికాగో వైపు అలన్ చౌ, విన్సెంట్ చౌ అనే అన్నదమ్ములు ఇంకో దారి పట్టారు. 5,000 బుల్లి సౌర పలకలున్న చిప్పును రెటీనా కిందికి జారవిడిచారు. 2000 సంవత్సరంలో మొదటి ఆపరేషన్లు జరిగాయి. తీగ లేదు, బ్యాటరీ లేదు. కొందరికి చూపు కాస్త మెరుగయింది కూడా. తీరా చూస్తే, చిప్పు ఉన్న చోటే కాదు, లేని చోట కూడా మెరుగయింది! కంట్లో పడే మామూలు వెలుతురుతో ఆ పలకలు ఇచ్చే కరెంటు కణాలను కదిలించడానికే చాలదు. చుట్టుపక్కల కణాలకు అది ఏదో బలం ఇచ్చిందే గాని, చిప్పు ద్వారా చూడడం కాదని తేలింది. పరీక్ష అంటే ఎందుకు పెట్టాలో ఇక్కడ అర్థమవుతుంది. ‘నాకు కనిపిస్తోంది’ అని రోగి అంటే సంతోషమే. కాని ఎందుకు కనిపిస్తోందో కూడా తేలాలి.

హుమాయూన్ పరిశోధన ఆర్గస్ అనే పరికరంగా మారింది. దాన్ని తయారు చెయ్యడానికి 1998లో కాలిఫోర్నియాలో సెకండ్ సైట్ అనే కంపెనీ పెట్టారు. పెట్టుబడి పెట్టిన వారిలో జెట్ ఇంజన్లు చేసే శామ్ విలియమ్స్ ఒకరు. ఆయనకూ ఈ జబ్బే. మొదటి ఆర్గస్‌లో 16 ఎలక్ట్రోడ్లు. 2002 నుంచి 2004 దాకా ఆరుగురికి పెట్టారు. రెండో ఆర్గస్‌లో 60. ఆరు వరసలు, వరసకు పది చుక్కలు. నల్లకళ్ళద్దాలకు చిన్న కెమెరా ఉంటుంది. నడుముకు కట్టుకున్న పెట్టె ఆ బొమ్మను చుక్కలుగా మారుస్తుంది. అద్దాల నుంచి తీగ లేకుండానే కంటిలోని పరికరానికి ఆ కబురు అందుతుంది. 2007 నుంచి 2009 దాకా అమెరికా, ఐరోపాలలో 10 ఆసుపత్రుల్లో 30 మందికి దీన్ని అమర్చారు.

చూపు వచ్చిందో లేదో ఎలా పరీక్షించారో చూడండి, ముచ్చటగా ఉంటుంది. నల్లటి తెర మీద తెల్లటి చదరం చూపించి, అది ఎక్కడుందో వేలితో తాకమన్నారు. గది చివర తలుపు ఎక్కడుందో నడిచి చేరుకోమన్నారు. నేల మీద గీసిన తెల్లగీత వెంబడి నడవమన్నారు. నలుపు, బూడిదరంగు, తెలుపు మేజోళ్ళు కుప్పగా పోసి వేటికవి వేరు చెయ్యమన్నారు. ఉతికిన బట్టలు మడతపెట్టే మనకి అది పనే కాదు. వాళ్ళకు అది పరీక్ష. ఇదంతా ఒకసారి పరికరం పనిచేస్తుండగా, ఒకసారి ఆపేసి చేయించారు. అక్షరాల పరీక్షలో మూడో పద్ధతి కూడా పెట్టారు. చుక్కలన్నీ వెలుగుతాయి, కాని కావాలని వాటి స్థానాలు కలగాపులగం చేసేస్తారు. వెలుగు ఉంది, ముగ్గు లేదు. అలాంటప్పుడు కూడా రోగి సరిగ్గా చెబితే అది ఊహే. చుక్కలు సరిగ్గా ఉన్నప్పుడే బాగా చెప్పగలిగితే అది చూపు.

ఫలితాలు చూస్తే, చదరం ఎక్కడుందో కనుక్కోవడంలో 96 శాతం మంది మెరుగయ్యారు. అది ఏ వైపు కదులుతోందో చెప్పడంలో 57 శాతం. గీతలను విడదీసి చూడడంలో 23 శాతమే. అందరికంటే బాగా చూసిన మనిషి చూపు 20/1260. మామూలు మనిషికి 1,260 అడుగుల దూరం నుంచి కనిపించేది ఆ మనిషికి 20 అడుగుల దగ్గరే కనిపిస్తుందన్నమాట. చట్టం లెక్కలో అది అంధత్వమే. పైగా కళ్ళు తిప్పితే లాభం లేదు, కెమెరా అద్దాలకు ఉంది కాబట్టి తలే తిప్పాలి. కదలకుండా చూస్తే చుక్కలు కొద్ది సెకండ్లలో మాసిపోతాయి. మూడేళ్ళలో 11 మందికి కంటిలో తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. చాలావరకు వైద్యంతో సర్దుకున్నాయి. ఒకరికి పరికరం తీసేశారు. అయినా, ఏళ్ళ తరబడి చీకటిలో ఉన్న మనిషికి కిటికీ ఎక్కడుందో తెలియడం, ఎదురుగా ఎవరో నిలబడ్డారని తెలియడం చిన్నదంటారా? నేను అనను.

2011లో ఐరోపా, 2013 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం దీన్ని అమ్మడానికి అనుమతించాయి. అప్పట్లో ధర సుమారు లక్షా యాభై వేల డాలర్లు ఉండేది, ఆపరేషను ఖర్చు కాక.

జర్మనీలో ఎబర్‌హార్ట్ జ్రెన్నర్ బృందం కెమెరా అక్కర లేకుండా, 1,500 కాంతి కణాలున్న చిప్పును రెటీనా కింద పెట్టింది. ఇందులో కన్ను తిప్పితే చూపూ తిరుగుతుంది. 2010లో వాళ్ళు ప్రకటించిన పరీక్షలో ఒక ఫిన్లండ్ దేశస్థుడి ముందు నల్ల బల్ల మీద పెద్ద తెల్ల అక్షరాలు పేర్చి పెట్టారు. అది ఆయన పేరే. ఆయన చదివి, స్పెల్లింగు తప్పు రాశారన్నాడట! నిజంగానే తప్పు పడింది. ఊహించి చెప్పే మనిషి తన పేరు సరిగ్గానే చెబుతాడు కాని తప్పు పట్టడు కదా. ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకేముంది? అయితే ఆ చిప్పు కొన్నాళ్ళ పరీక్ష కోసమే పెట్టినది. తర్వాత తీసేశారు.

ఇక్కడి దాకా వింటే, ఇంకేముంది, త్రోవ పడింది అనిపిస్తుంది. అసలు చిక్కు అప్పుడే వచ్చింది. జర్మనీ కంపెనీ 2019లో మూతపడింది. సెకండ్ సైట్ వారు అదే ఏడు ఆర్గస్ తయారీ ఆపి, మెదడులో పెట్టే ఇంకో పరికరం మీదికి మళ్ళారు. 2020లో డబ్బు చాలక పనివాళ్ళలో చాలామందిని తీసేశారు. 2022లో మందుల పరికరాలు చేసే వేరే కంపెనీతో కలిసిపోయారు. అప్పటికి లోకంలో సుమారు 350 మంది కళ్ళలో ఆర్గస్ ఉంది.

మిక్సీ కంపెనీ మూతపడితే మనం ఇంకో మిక్సీ కొనుక్కుంటాం. కంట్లో ఉన్నదాన్ని ఏం చేస్తారు? ఐరోపాలో ఒకాయన నడుము పెట్టె పగిలిపోతే, బాగుచేసేవారు లేక, తెలిసిన డాక్టర్లనూ తోటి రోగులనూ బతిమాలి ఇంకొకటి సంపాదించుకున్నాడు. అమెరికాలో ఒకాయనకు మెదడులో కంతి ఉందేమోనన్న అనుమానంతో ఎమ్మారై స్కాను తీయాలన్నారు. కంటిలో పరికరం ఉంది, తీయవచ్చా అని అడుగుదామంటే కంపెనీలో పలికేవాళ్ళు లేరు. ఒకావిడకైతే అంతకు ముందే, 2013లో, రైలు మారుతూ మెట్లు దిగబోతుండగా చెవిలో మూడు కూతలు వినిపించి, నాలుగేళ్ళుగా అలవాటైన వెలుగు ఆరిపోయింది. మళ్ళీ రాలేదు. తీయడంలో ప్రమాదముందని ఆ పరికరాన్ని కంటిలోనే ఉంచేశారు. 2022లో ఒక ఇంజనీరింగు పత్రిక ఈ సంగతులన్నీ వివరంగా బయటపెట్టింది.

పరీక్షకు ముందు రోగి చేత బోలెడు కాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. రక్తస్రావం కావచ్చు, చీము పట్టవచ్చు, ఫలితం రాకపోవచ్చు, అన్నీ రాసి ఉంటాయి. కంపెనీ లేకపోతే మీ కంటికి ఎవరు పూచీ అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. నా మటుకు నాకు అది ఆపరేషనులో వచ్చే ప్రమాదం కంటే పెద్ద ప్రమాదం. మీ ఇంట్లో ఎవరినైనా ఏదైనా కొత్త పరికరం పరీక్షకు రమ్మంటే, పదేళ్ళ తర్వాత దీన్ని బాగుచేసేదెవరు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, తీసెయ్యవలసి వస్తే ఖర్చెవరిది అని అడగండి. మనం ఫ్రిజ్ కొనేటప్పుడు అడగమూ!

పరీక్షలు మాత్రం ఆగలేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డానియల్ పలాంకర్ రూపొందించిన ప్రిమా అనే చిప్పును ఫ్రాన్సు కంపెనీ పిక్సియం తయారుచేసి, 2018లో పారిస్‌లో మొదటిసారి మనిషి కంట్లో పెట్టించింది. ఇది ముసలితనంలో మధ్యచూపు పోయే జబ్బుకు. పక్కన కనిపిస్తుంది, ఎదుటి మొహం గాని, పుస్తకంలో అక్షరం గాని కనిపించదు. ప్రిమా రెండు మిల్లీమీటర్ల చదరం, మందం వెంట్రుకలో సగం కూడా ఉండదు. అందులో 378 బుల్లి సౌర పలకలున్నాయి. చౌ సోదరుల దానిలో కరెంటు చాలలేదు కదా, దీనికి కళ్ళద్దాల నుంచే కంటికి కనబడని పరారుణ కాంతిని గట్టిగా పంపిస్తారు. మేడ మీద సోలార్ పలకలకు ఎండలాగ, దీనికి ఆ కాంతి.

అయిదు ఐరోపా దేశాల్లో 38 మందికి అమర్చారు. వాళ్ళ సగటు వయసు 79. ఆ వయసులో మన ఇళ్ళలో శుక్లాల ఆపరేషనుకే ‘ఇంక ఎందుకులే’ అంటాం. 2025 అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. ఏడాది పూర్తి చేసిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగినంత మెరుగయింది. 27 మంది ఇంట్లో కూర్చుని అక్షరాలు, అంకెలు, మాటలు చదువుకుంటున్నామన్నారు. 19 మందికి తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం రెండు నెలల లోపే వచ్చి తగ్గిపోయాయి. రంగులు లేవు, నలుపు తెలుపులే. అద్దాలకు ఉన్న ఏర్పాటుతో అక్షరాన్ని పన్నెండు రెట్ల దాకా పెద్దది చేసుకుని, కూడబలుక్కుంటూ చదవాలి, నెలల తరబడి సాధన చెయ్యాలి.

ఈ పరీక్ష సాగుతుండగానే పిక్సియం కూడా దివాలా తీసింది. 2024లో సైన్స్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ ప్రిమాను కొనుక్కుంది కాబట్టి సరిపోయింది. ఆ 27 మందీ చదువుతున్నారు.